బానెట్ సందులో చరిత్ర

1959 ఏప్రిల్‌లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఒక కారు విడుదలైంది. మామూలుగా సంగీత కచేరీలు జరిగే చోటది. ఆ రోజు వేదిక మీదికి కారు రాలేదు, కారు ముక్కలు వచ్చాయి. మెకానిక్కులు వాటిని ఒకదానికొకటి తగిలించి, బోల్టులు బిగించి, జనం చూస్తుండగానే కొద్ది నిమిషాల్లో కారు చేసి నిలబెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కారు పేరు ట్రయంఫ్ హెరాల్డ్. రెండేళ్ళ తర్వాత, 1961లో, అదే కారు మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. మన తాతల పెళ్ళి ఆల్బమ్‌లలో, పాత తెలుగు సినిమాల్లో డాక్టరుగారు దిగే సీన్లలో కనిపించే, వెనక చిన్న రెక్కల్లాంటి అంచులున్న కారు అదే.

ఆ వేదిక మీద చెప్పని సంగతి ఒకటుంది. అన్ని ముక్కలు కలిపి బిగించిన కారుకి ముక్కకీ ముక్కకీ మధ్య సందు ఉంటుంది. బానెట్‌కీ డోర్‌కీ మధ్య, డోర్‌కీ వెనక మడ్‌గార్డ్‌కీ మధ్య కనిపించే ఆ సన్నటి గీత పై నుంచి కింది దాకా ఒకే వెడల్పులో ఉంటే కారు కంటికి ఒకటే వస్తువులా ఆనుతుంది. ఒక చోట వేలు దూరి, ఇంకో చోట కాగితం కూడా దూరకపోతే, ఎంత మంచి రంగు వేసినా ఏదో తేడాగా ఉందని కారు గురించి ఏమీ తెలియని మనిషికి కూడా అర్థమైపోతుంది. హెరాల్డ్‌కి మొదటి నుంచీ ఉన్న పేరు రెండోదే. నీళ్ళు కారడం, తలుపులు గలగలమనడం గురించి తొలి ఏళ్ళ హెరాల్డ్‌ల మీద ఫిర్యాదులుండేవి.

తెలుగులో సందు అనే మాట సంధికి వికృతి. కలిసే చోటుని సంధి అన్నాం, కలవకుండా మిగిలిపోయిన చోటుని సందు అన్నాం. రెండూ ఒకే చోట ఉంటాయి. ఈ వ్యాసం ఆ చోటు గురించి. హెరాల్డ్ బానెట్ పక్కనున్న సందు ఎక్కడ పుట్టింది, దాన్ని సరిచేసే పని ఎవరి చేతికి వచ్చింది, ఇప్పుడు పాత కార్లు బాగుచేయించుకునేవాళ్ళు దాన్ని పూర్తిగా మూసేస్తుంటే పోయేదేమిటి అన్నవి నా ప్రశ్నలు.

కవెంట్రీలో పుట్టిన సందు

స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీది ఇంగ్లండ్‌లోని కవెంట్రీ. ఇంజన్లు, గేర్‌బాక్సులు సొంతంగా చేసుకునేది. పెద్ద పెద్ద ప్రెస్సులతో ఉక్కు రేకుని ఒత్తి బాడీలు చేసే పని మాత్రం బయటి కంపెనీలకి ఇచ్చేది. వాటిలో ముఖ్యమైనది ఫిషర్ అండ్ లడ్లో. 1953లో ఆ కంపెనీని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్, అంటే స్టాండర్డ్ వాళ్ళ ప్రధాన పోటీదారు, కొనేసింది. కొత్త కారుకి బాడీ ఎవరు చేసిపెడతారన్నది స్టాండర్డ్‌కి ఒక్కసారిగా ప్రాణం మీదికొచ్చిన ప్రశ్న. మిగిలిన పెద్ద ప్రెస్సు కంపెనీలు తమకి ఖాళీ లేదన్నాయి.

అప్పటికి ప్రపంచమంతా మోనోకాక్ వైపు నడుస్తోంది. అంటే విడిగా ఛాసిస్ లేకుండా, బాడీ మొత్తం ఒకే పెట్టెలా వెల్డింగ్ చేసి, ఆ పెట్టే బరువు మోసేలా కట్టడం. దానికి పెద్ద ప్రెస్సులు, పెద్ద పెట్టుబడి కావాలి. అవి లేని కంపెనీ ఏం చేయాలి? హారీ వెబ్‌స్టర్ నడిపించిన ఇంజనీరింగ్ విభాగం వెనక్కి నడిచింది. కింద పాతకాలపు పద్ధతిలో విడి ఛాసిస్ పెట్టి, దాని మీద బాడీని చిన్న చిన్న ముక్కలుగా బోల్టులతో బిగించాలనుకుంది. చిన్న ముక్కలైతే చిన్న ప్రెస్సులున్న కంపెనీలు కూడా చేయగలవు. కొన్ని బర్మింగ్‌హామ్‌లో చేయించారు, కొన్ని లివర్‌పూల్‌లో. అన్నీ కవెంట్రీకి వచ్చి కలుస్తాయి. రూపం గీసింది ట్యురిన్‌కి చెందిన జొవాన్ని మికెలోటి, 1957లో. ఆయన గీసిన గీతలు ఎంత చక్కగా ఉన్నాయంటే, అది గతిలేక ముక్కలుగా కట్టిన కారు అని చూడగానే ఎవరికీ తట్టదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు తరచూ తలుచుకునే సూత్రం ఒకటుంది. మెల్విన్ కాన్వే 1968లో డేటమేషన్ పత్రికలో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఏ సంస్థ అయినా తయారుచేసే వ్యవస్థ, ఆ సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో ఆ ఆకారంలోనే ఉంటుందని దాని సారాంశం. నాలుగు టీములు కలిసి కంపైలర్ రాస్తే అది నాలుగు అంచెల కంపైలర్ అవుతుందని మా వాళ్ళు జోకు వేసుకుంటారు. కాన్వే వ్యాసానికి తొమ్మిదేళ్ళ ముందే హెరాల్డ్ దాన్ని ఉక్కులో చేసి చూపించింది. ఆ కారు మీది గీతలు చాలా వరకు కంపెనీల మధ్య గీతలే. ఒక పోటీదారు చేసిన కొనుగోలు, సప్లయర్లు కాదనడం, మూడు ఊళ్ళ మధ్య లారీలు తిరగడం, ఇవన్నీ కలిసి డోర్ పక్కన కొన్ని మిల్లీమీటర్ల చీకటి గీతలా మిగిలాయి.

ఆ అవసరం నుంచే కొన్ని మేళ్ళు కూడా వచ్చాయి. పైకప్పు బోల్టులతో బిగించిందే కాబట్టి అది తీసేస్తే కన్వర్టిబుల్, వేరేది పెడితే కూపే, ఇంకోటి పెడితే ఎస్టేట్ కారు. విప్పిన ముక్కలుగా ఓడల్లో పంపితే దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, న్యూజీలాండ్‌లో, మద్రాసులో అక్కడి వాళ్ళే బిగించుకోవచ్చు. 1971 వరకు ఈ కుటుంబం కార్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి.

వరస తప్పితే కుదరదు

హెరాల్డ్ బానెట్ మనం రోజూ చూసే బానెట్‌లా ఉండదు. ఈ రోజుల్లో బానెట్ అంటే ఇంజన్ మీది మూత. హెరాల్డ్‌లో రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు, ముందు భాగం మొత్తం కలిపి ఒకటే పెద్ద తొడుగు. కీళ్ళు ముందు కింద, బంపర్ దగ్గర ఉంటాయి. వెనక రెండు పక్కలా ఉన్న కొక్కేలు వదిలి ఎత్తితే మొత్తం ముక్కు మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. మెకానిక్ ముందు చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇంకో లాభం ఏమిటంటే, వేగంలో కొక్కెం ఊడినా ఎదురుగాలి బానెట్‌ని కిందికే నొక్కుతుంది గానీ అద్దం మీదికి ఎత్తిపడేయదు.

ఇదే ఛాసిస్‌ని పొట్టి చేసి, మికెలోటి చేతే రెండు సీట్ల బాడీ గీయించి, 1962 అక్టోబర్‌లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. 1961లో లేలాండ్ కంపెనీ స్టాండర్డ్-ట్రయంఫ్‌ని కొన్నప్పుడు, డబ్బుల్లేక మూల పడేసిన దాని నమూనా దుప్పటి కింద దొరికిందని చెప్తారు. 1966లో ఆరు సిలిండర్ల జీటీ6 వచ్చింది. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది. వీటన్నిటిదీ అదే ముందుకి లేచే బానెట్, అవే సందులు. ఈనాడు ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో పాత స్పిట్‌ఫైర్ బాగుచేసుకునే మనిషి, 1960లలో మద్రాసులో హెరాల్డ్ బాగుచేసిన మనిషి, ఇద్దరూ పడ్డ తిప్పలు ఒకటే.

బానెట్ సందు సరిగా లేకపోతే ఎవరైనా ముందు బానెట్‌నే జరుపుతారు. అది తిరగబడ్డ వరస. బానెట్ వెనక అంచు డోర్‌ని చూసి నిలబడాలి. డోర్ తన వెనకున్న బాడీని చూసి నిలబడాలి. బాడీ ఛాసిస్ మీద నిలబడాలి. కాబట్టి పని వెనక నుంచి ముందుకి, కింద నుంచి పైకి సాగాలి.

మొదట బండి తన చక్రాల మీద, ఇంజన్ బరువుతో సహా నిలబడి ఉండాలి. గాల్లో జాకీల మీద సరిచేసిన సందు నేల మీదికి దించగానే మారిపోతుంది, ఎందుకంటే ఛాసిస్ కాస్త వంగుతుంది. తర్వాత బాడీకీ ఛాసిస్‌కీ మధ్యనున్న బోల్టులు సగం మాత్రమే బిగించి, డోర్ చుట్టూ గీత చూడాలి. డోర్ పైభాగంలో సందు బిగుసుకుపోయి కింద తెరుచుకుంటే బండి నడుము కుంగిందని అర్థం. ఛాసిస్ నుంచి పక్కలకి వచ్చే చేతులు తుప్పు పట్టి ఉండొచ్చు. అవి బాగుంటే బోల్టుల కింద వాషర్లు వేసి ఆ మూలని లేపాలి. ఒక వాషర్ ఎక్కువేస్తే ఇక్కడ సందు మూసుకుంటుంది, అటు పక్క తెరుచుకుంటుంది. డోర్ కుదిరాక కీళ్ళ దగ్గర దాన్ని లోపలికి, బయటికి జరిపి మట్టం చూడాలి. అన్నిటి తర్వాత బానెట్. ముందు కీళ్ళ దగ్గర పొడవాటి రంధ్రాలుంటాయి, వాటిలో ముందుకి వెనక్కి జరపొచ్చు. ఒక పక్క కీలుని రెండు మిల్లీమీటర్లు జరిపితే వెనక అంచు మొత్తం పక్కకి తిరుగుతుంది. వెనక బానెట్ ఆనే చోట రబ్బరు మొనలుంటాయి, వాటిని ఎత్తి దించితే డోర్ మట్టానికి వస్తుంది. చివరికి కొక్కేలు. కొక్కెంతో లాగి బలవంతంగా సందు మూస్తే నెల తిరక్కుండా రంగు పగులుతుంది.

స్పిట్‌ఫైర్‌లో ఇంకో మెలిక ఉంది. హెరాల్డ్‌లో డోర్ల కిందుండే సిల్ బోల్టులతో తగిలించిన అలంకారమే. స్పిట్‌ఫైర్‌లో అది బరువు మోసే దూలం. తుప్పుపట్టిన సిల్‌ని కోసి తీసేముందు డోర్ సందులో అడ్డంగా ఇనుప కమ్మీ వెల్డింగ్ చేసి నిలపకపోతే బాడీ నడుము దిగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని వాషర్లు వేసినా డోర్ మూసుకోదు.

ఇందులో కొలత ఉంది గానీ, కొలత ఒక్కటే చాలదు. ప్రతి ముక్కా వేరే ప్రెస్సులో పుట్టింది, ప్రతిదానికీ కొంచెం తేడా ఉంది. ఆ తేడాలన్నిటినీ ఒక చోటికి నెట్టకుండా కారంతా పంచాలి. బానెట్ సందులో కనిపించే నాలుగు మిల్లీమీటర్ల తప్పు నిజానికి వెనక చక్రం దగ్గర మొదలై ఉండొచ్చు. మా పనిలో దీన్ని ఇంటెగ్రేషన్ అంటాం. మాడ్యూల్ మాడ్యూల్‌గా చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, కలిపినప్పుడే బయటపడుతుంది.

ఖరీదైన కార్లలో ఈ బాధ లేదనుకోకండి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్‌ది కూడా ముందుకి లేచే పొడవాటి బానెట్, అది కూడా ముక్కలు కలిపి కట్టిందే. అక్కడ కొన్ని అతుకుల మీద క్రోమ్ పట్టీ కూర్చోబెట్టారు. బాడీ మీద మిగతా అతుకుల్ని కరిగించిన సీసంతో నింపి, ఆకురాయితో చేత్తో నునుపు చేశారు. హెరాల్డ్ ధరలో ఆ చేతిపనికి డబ్బుల్లేవు. సరిచేసే పని ఫ్యాక్టరీ చేయకపోతే అది ఎక్కడికీ పోదు. కారుతో పాటే బయటికి వచ్చి, దారిలో ఎవరో ఒకరి మీద పడుతుంది.

మద్రాసు నుంచి మదనపల్లె దాకా

స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో మద్రాసులో మొదలైంది. ఫ్యాక్టరీ ఊరికి దక్షిణాన వండలూరు, పెరుంగళత్తూరు వైపు. వాన్‌గార్డ్, స్టాండర్డ్ ఎయిట్, టెన్, తర్వాత హెరాల్డ్. 1950ల మొదట్లో కేంద్ర ప్రభుత్వం, ఇక్కడ తయారు చేసే ఉద్దేశం లేకుండా ఊరికే బిగించి అమ్మే విదేశీ కంపెనీలు వెళ్ళిపోవచ్చని తేల్చేసింది. జనరల్ మోటార్స్ 1954లో బొంబాయిలో పని ఆపేసింది. ఇక దేశం మొత్తానికి కారు కొనాలంటే ప్రధానంగా మూడే దారులు మిగిలాయి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు హెరాల్డ్. కొనాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి, కొన్నాక దశాబ్దాల పాటు దాన్నే బతికించుకోవాలి.

ఆ మూడింటిలో విడి ఛాసిస్ మీద నిలబడ్డది హెరాల్డ్ ఒక్కటే. ఇంగ్లండ్‌లో గతిలేక చేసిన ఏర్పాటు ఇక్కడ కలిసొచ్చింది. ఫ్యాక్టరీ విడిభాగాలు దొరకని ఊళ్ళో, స్పానర్లతో విప్పి మళ్ళీ బిగించగల కారు అది. 1960ల చివర మద్రాసు ఫ్యాక్టరీ ఇంకో అడుగు వేసింది. ఇంగ్లండ్‌లో ఎన్నడూ అమ్మని నాలుగు తలుపుల హెరాల్డ్‌ని తయారుచేసింది. రెండు తలుపుల కోసం గీసిన బాడీకి నాలుగు తలుపులు పెట్టడమంటే ప్రతి పక్కా సందులు రెట్టింపు అవుతాయి. మన ఎండల్లో, మన కుటుంబాల సైజులో వెనక తలుపు అవసరం, కాబట్టి పెట్టారు. దాని తర్వాత 1970లలో గజెల్ వచ్చింది, ఆ దశాబ్దం ముగిసేలోపే ఆగిపోయింది. 1985లో రోవర్ బాడీతో తెచ్చిన స్టాండర్డ్ 2000 నిలబడలేదు, కొద్ది ఏళ్ళకే ఫ్యాక్టరీ మూతపడింది.

మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు పాత రన్‌వే అది. 1953లో ఏర్పడ్డ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద రేసులు నడిపేది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది రేసింగ్‌కి గుండెకాయ అదే. స్పోర్ట్స్ కార్లు దిగుమతి చేసుకోలేని దేశంలో హెరాల్డ్‌లూ ఫియట్‌లే స్పోర్ట్స్ కార్లయ్యాయి. స్పిట్‌ఫైర్‌ని మనం ఇక్కడ తయారుచేయలేదు గానీ, దాని పెద్దక్కని రేసుకి దింపాం.

ఇక ఆ కార్లు తిరిగిన ఊళ్ళు. మాది పెద్దతిప్పసముద్రం వైపు, అందరూ పీటీఎం అనే మండలం, కర్ణాటక సరిహద్దు పక్కనే. మదనపల్లె దగ్గరి టౌను, అక్కడి నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. బండి ఏదైనా మా వైపు మద్రాసు నుంచో బెంగళూరు నుంచో రావాలి, పాడైతే ఇక్కడే బాగుపడాలి. మదనపల్లె రోడ్ల పక్కన షెడ్ల మీద ఇప్పటికీ కనిపించే బోర్డు 'టింకరింగ్ – పెయింటింగ్'. చిన్నప్పటి నుంచీ చదివీ చదివీ ఆ మాట వింతగా అనిపించదు. కానీ ఇంగ్లండ్‌లో ఈ పనిని ప్యానెల్ బీటింగ్ అంటారు, ఢిల్లీ వైపు డెంటింగ్ అంటారు. టింకర్ అంటే ఒకప్పుడు అక్కడ ఊరూరూ తిరిగి చిల్లుపడ్డ గిన్నెలు బాగుచేసేవాడు. ఇంగ్లిష్‌లో టింకరింగ్ అంటే ఇప్పటికీ పనీ పాటా లేక కెలకడం అనే చులకన ఉంది. మన దక్షిణాది దాన్ని తీసుకుని ఒక వృత్తికి గౌరవంగా బోర్డు రాసి తగిలించింది.

టింకరింగ్ మేస్త్రీ పని చూస్తే ఆ వృత్తిలోని లెక్క తెలుస్తుంది. వంగిన రేకు వెనక డాలీ అనే ఇనుప దిమ్మ పట్టుకుని, పై నుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ పోతాడు. ఎక్కువ కొడితే రేకు సాగుతుంది, సాగిన రేకు మళ్ళీ లోపలికి పోదు. అందుకని వేడిచేసి, తడిగుడ్డతో చల్లార్చి ముడుచుకునేలా చేస్తాడు. గుంట ఉందా లేదా అన్నది కంటితో చూడడు, అరచెయ్యి రేకు మీద నిమిరి చెప్తాడు. డోర్ కుదరకపోతే కీలు దగ్గర చెక్క దిమ్మ పెట్టి డోర్‌ని అదిమి మూస్తాడు, కీలు సన్నగా వంగి దారికొస్తుంది. డోర్ వేసినప్పుడు వచ్చే చప్పుడుని బట్టి ఎక్కడ తగులుతోందో చెప్తాడు. 'అన్నా, ఇంకొంచెం బిగించరాదా' అని తొందరపెడితే, 'ఉండబ్బా, దాన్ని సర్దుకోనీ' అంటాడు. ఈ పనికి కోర్సు లేదు. పదేళ్ళకో పన్నెండేళ్ళకో షెడ్డులో చేరిన పిల్లాడు స్పానర్లు అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్నదే. ఆ నేర్చుకోవడంలో చదువు పోగొట్టుకున్న బాల్యం కూడా ఉందన్నది మర్చిపోకూడదు.

మోసం కూడా ఉంది. సందు ఎక్కువైతే అంచుకి పుట్టీ పెట్టి పెంచేయొచ్చు. కొత్తగా రంగు వేసినప్పుడు అద్భుతంగా ఉంటుంది, ఏడాది తర్వాత పెచ్చులూడుతుంది. పాత కారు కొనేవాళ్ళు అయస్కాంతం ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళేది అందుకే. అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

మద్రాసు పుదుపేటలో, బెంగళూరు శివాజీనగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఈ మనుషులు వేలల్లో పనిచేశారు. మన దేశపు మోటారు చరిత్ర అని దొరికే పుస్తకాల్లో మహారాజుల రోల్స్‌రాయిస్‌లుంటాయి, లైసెన్సుల రాజకీయం ఉంటుంది, కంపెనీ యజమానుల జీవితాలుంటాయి. బండిని నలభై ఏళ్ళు రోడ్డు మీద నిలబెట్టిన చేతుల గురించి ఒకటి రెండు వాక్యాలు కూడా దొరకడం కష్టం.

ఏ సందు అసలైనది?

ఇప్పుడు పాత కార్లకి మళ్ళీ రోజులొచ్చాయి. హెరాల్డ్‌లని, దొరికితే స్పిట్‌ఫైర్‌లని, లక్షలు పోసి కొత్తగా చేయించుకుంటున్నారు. వింటేజ్ కార్ల పోటీల్లో జడ్జీలు వంగి సందులు చూస్తారు. గీత అంతా ఒకే వెడల్పులో ఉంటే మెచ్చుకుంటారు. దానికోసం మేస్త్రీ అంచుకి సన్నటి కమ్మీ వెల్డింగ్ చేసి, ఆకురాయితో రాకి, ఈనాటి కారుకుండే మూడు నాలుగు మిల్లీమీటర్ల గీత తెప్పిస్తాడు. కారు అందంగా తయారవుతుంది. కానీ 1964లో మద్రాసు ఫ్యాక్టరీ గేటు దాటిన ఏ హెరాల్డూ అలా లేదు. మనం 'ఒరిజినల్' అని ఫొటో తీసుకుంటున్న కారు చరిత్రలో ఎన్నడూ లేని కారు.

ఇందులో మన కాలపు రుచి కూడా ఉంది. 2018లో టెస్లా మోడల్ 3 సందులు వంకరగా ఉన్నాయని ప్రపంచమంతా నవ్వింది. 2023లో సైబర్‌ట్రక్ విడిభాగాలన్నీ 10 మైక్రాన్లకన్నా తక్కువ తేడాతో రావాలని ఎలాన్ మస్క్ ఉద్యోగులకి మెయిల్ పెట్టాడు. సన్నటి సందు అంటే నాణ్యత, పెద్ద సందు అంటే అసమర్థత అని మనకి కళ్ళు అలవాటుపడిపోయాయి. ఆ కళ్ళతోనే 1960ల కారుని దిద్దుతున్నాం.

అయితే ఉన్నది ఉన్నట్టు వదిలేయాలా? అదీ అంత తేలిక కాదు. అరవై ఏళ్ళ కారులో ఈరోజు కనిపించే సందు ఫ్యాక్టరీది మాత్రమే కాదు. 1971లో ఎద్దులబండికి గుద్దుకున్నది, 1983లో ఎవరో మేస్త్రీ వేసిన వాషర్లు, తర్వాత తుప్పు, అన్నీ అందులో ఉన్నాయి. ఏ పొర దగ్గర ఆగాలి?

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. దీన్ని పాఠపరిష్కరణ అంటాం. 1820లో కడపకి వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల తాళపత్రాలు పోగుచేయించినప్పుడు ఏ రెండు ప్రతులూ ఒకలా లేవు. పద్యాల సంఖ్యలో తేడా, వరసలో తేడా, మాటల్లో తేడా. వేమన సమాధి అని జనం కొలిచే కటారుపల్లె మా వైపు నుంచి కదిరి దారిలో పెద్ద దూరం కాదు. కానీ ఆ సమాధి దగ్గర కూడా అసలు ప్రతి అంటూ ఏదీ లేదు. బ్రౌన్ పండితుల్ని జీతానికి పెట్టుకుని, ప్రతుల్ని పోల్చి చూసి, తన బుద్ధికి సరైందనిపించిన పాఠం తయారుచేసి 1829లో అచ్చువేశాడు. అంటే అతనూ సందులు సర్దాడు. ఎక్కడో కమ్మీ అతికాడు, ఎక్కడో రాకాడు. బ్రౌన్ కూర్చిన వేమనే వేమన అని ఎవరూ అనలేరు.

అయినా బ్రౌన్‌ని ఈ విషయంలో తప్పుపట్టాలనిపించదు. ఎందుకంటే అతను పాత ప్రతుల్ని పారేయలేదు. తాను పోగుచేసినవి, రాయించినవి దాచాడు, అవి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. తర్వాత వచ్చినవాళ్ళు వాటిని తెరిచి, అతను ఎక్కడ దిద్దాడో చూసి, ఒప్పుకోకపోతే వేరేలా దిద్దుకోవచ్చు. దిద్దడం తప్పు కాదు. దిద్దిన ఆనవాలు చెరిపేస్తే తప్పు.

పాత కారు విషయంలో మనం చెరిపేస్తున్నది అదే. కారు విప్పిన మొదటి రోజు చెత్తబుట్టలో పడేవి బాడీ బోల్టుల కిందున్న వాషర్లు. తుప్పుపట్టి, వంగి, రకరకాల మందాల్లో ఉంటాయి. కొన్ని చోట్ల వాషరుకి బదులు మడిచిన రేకు ముక్కో, టైరు నుంచి కోసిన రబ్బరో ఉంటుంది. చూడ్డానికి చెత్తే. కానీ ఎడమ మూల మూడు, కుడి మూల ఒకటి అన్నది ఒక మనిషి ఒక సాయంత్రమంతా ఆ కారు చుట్టూ తిరిగి తీసుకున్న నిర్ణయం. అతని పేరు మనకి తెలియదు, అతను ఏమీ రాయలేదు. అతను రాసినదంటూ ఏదైనా ఉంటే ఆ వాషర్ల లెక్కే.

అందుకని పాత హెరాల్డ్‌నో స్పిట్‌ఫైర్‌నో చేయించుకునే స్నేహితులకి నేను చెప్పేది చిన్న పని. విప్పే ముందు ప్రతి సందునీ మూడు చోట్ల కొలిచి రాయండి. ప్రతి బోల్టు కింద ఏమున్నాయో ఫొటో తీసి, కవర్లో వేసి, ఎక్కడిదో దాని మీద రాసి దాచండి. పుట్టీ ఎంత మందంలో ఎక్కడుందో గుర్తుపెట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం, జడ్జీ వేలికి నచ్చేంత సన్నగా సర్దుకోండి. బాగుచేసిన మేస్త్రీని కూర్చోబెట్టి, ఆయనకి పని నేర్పిందెవరు, ఏ ఊళ్ళో, ఏ బండ్ల మీద అని అడిగి ఆయన పేరుతో సహా ఆ నోటుబుక్కులో రాయండి. బండి అమ్మేటప్పుడు ఆర్.సి. బుక్కుతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.

మోనోకాక్ కార్లు వచ్చాక ఈ పని తగ్గిపోతోంది. గుద్దుకున్న బండికి ఇన్సూరెన్సు వాళ్ళు ముక్క మార్చమంటారు, దిద్దమనరు. డాలీ, సుత్తి పట్టుకునే చేతులు వయసు మీదపడి ఒక్కొక్కటే ఆగుతున్నాయి. వాళ్ళ పిల్లలు పీటీఎం నుంచి, మదనపల్లె నుంచి బెంగళూరుకి నాలాంటి ఉద్యోగాలకే వెళ్తున్నారు, వెళ్ళాలి కూడా. షెడ్డులో బాల్యం గడపమని ఎవరూ కోరుకోరు. కానీ కవెంట్రీ బోర్డ్‌రూముల్లో ఏం జరిగిందో 1953 నుంచీ తేదీలతో సహా చెప్పగలుగుతున్న మనం, మదనపల్లెలో ఆ సందు సర్దినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా చెప్పలేకపోతున్నాం. వాళ్ళలో చాలామంది ఇంకా ఉన్నారు. అడిగితే చెప్తారు.